నీలం సిరాతో గీసిన ఒర్రె

కరీంనగర్,
11 జూలై 1982

ప్రేమగల బాపుకు,

నేను సంఘంలో చేరలే. ఎవరినీ ప్రేమించలే కూడా. ఈ రెండు ముక్కలు అన్నింటికంటే ముందు రాస్తున్న. నీ కండ్లద్దాలు ఎప్పుడూ దొరకవు కాబట్టి నా ఉత్తరం ఇంటి లెక్కలు రాసే దామోదరన్న చదివి వినిపిస్తడు. సగంలో ఆపి తనకు తోచిన అర్థం చెప్పి, మిగిలింది మడిచి జేబులో పెట్టుకుంటడు. కనీసం ఈ రెండు ముక్కలన్నా నీ దాకా రావాలె.

మొన్న ఇంటికొచ్చినప్పుడు మూడు రోజులు పద్మశాలీల కొత్త కాలనీలో తిరిగిన. చేతిలో ఒక నోటుబుక్కు, ఒక టేపు. అంతే, మీకందరికీ ఒక కథ దొరికింది. అవ్వ కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చింది. సరళాదేవత్త వంటింట్లోంచే నాకు వినబడేటట్టు, "పెండ్లికున్న పిల్ల నోటుబుక్కు పట్టుకొని వాడలు తిరిగితే రెండే కారణాలు వదినా. అయితే అన్నలు, లేకుంటే పిలగాడు" అన్నది. నువ్వు అన్నం ముందు కూసొని, నన్ను కాదు, గోడను చూసుకుంట అన్నవు: "కాలేజీకి పంపుడు నాదే తప్పు."

బాపూ, ఇంతమందిలో ఒక్కరన్నా ఆ నోటుబుక్కు తెరిచి చూసిండ్రా? నా పెట్టె వెతికిండ్రు, నాకు తెలుసు, చీరల మడతలు మారినయి. నోటుబుక్కు మటుకు బల్ల మీదనే ఉన్నది. దాన్ని ఎవ్వరూ ముట్టలే.

అందులో ఉన్నవి లోతులు. మగ్గం గుంటల లోతులు.

నువ్వు ఎన్నడూ వాళ్ల ఇంట్లోకి వంగి పోలేదు కాబట్టి చెప్తున్న. వాళ్లది గుంట మగ్గం. ఇంట్లోనే నేలలో మోకాళ్ల లోతు గుంట తవ్వి, గట్టు మీద కూసొని, కాళ్లు గుంటలో పెట్టి కింద తొక్కుడు చెక్కలు తొక్కుతరు. కొత్తింట్లో పొయ్యి కంటే ముందు ఆ గుంటనే తవ్వుతరట. గుంట లేకుంటే మగ్గం లేదు, మగ్గం లేకుంటే పొయ్యి ఎందుకని ఆ కాలనీలో ఉండే శంకరవ్వ అన్నది.

ఇరవై నాలుగు ఇండ్లు చూసిన. పందొమ్మిది ఇండ్లల్లో గుంటలో నీళ్లు. ఇంకా చెరువు సగం కూడా నిండలే. రెండు వానలు పడ్డయి, అంతే. శంకరవ్వ నాకు పీట వేసి, "సూడుండ్రి చిన్న దొరసానీ, మా మగ్గం బాయి అయింది. నీళ్లకు దూరం పోవుడు తప్పింది" అని నవ్వింది. ఆమె పెనిమిటి పర్శరాములు గుంటలో సగం దాకా ఇసుక, బూడిద పోసి, దాని మీద బండ పరిచి నేస్తుండు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నయి. "బట్ట నేత్తున్ననా, నాటు ఏత్తున్ననా సమజైతలేదు దొరసానీ" అన్నడు. నాకు నవ్వు రాలే. వాళ్లు నన్ను నవ్వించనీకే అన్నరని తెలిసి ఇంకా రాలే.

పాత వాడలో వాళ్ల తాత తవ్విన గుంటలో డెబ్బై ఏండ్లు చుక్క నీరు ఊరలేదట. ఎందుకు ఊరుతది? పాత వాడ గడ్డ మీద ఉండె. బస్టాండుకు దగ్గర, బజారుకు దగ్గర, అందుకే నీకు కావాల్సి వచ్చింది. గజానికి గజం ఇస్తనని చెప్పి వాళ్లను కింద మన పొలాల్లోకి దింపినవు. గడ్డ మీద ఇప్పుడు నీ మడిగెలు లేస్తున్నయి. దుకాణాలు గడ్డ మీద, మనుషులు గుంటలో. దీన్ని ఊరు పెరుగుడు అంటున్నరు.

నీరటి అంజన్న నన్ను, నిండిన చెరువు పొర్లిపోయే మత్తడి కాడికి తీసుకపోయిండు. చెరువు తూములు తెరిచి మూసే మనిషికి తెలిసినంత నీళ్ల సంగతి ఇంకెవరికి తెలుస్తది? కట్టె పట్టుకొని నేల మీద గీసి చూపిచ్చిండు. చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులో కలిసే ఒర్రె ఎట్ల పోతదో, ఎక్కడ మలుగుతదో. నీ లేఅవుట్లో పద్నాలుగో నంబరు నుంచి పందొమ్మిది దాకా ఆరు ప్లాట్లు ఆ ఒర్రె కడుపులోనే ఉన్నయి. మొరం పోసి సాపు చేసినవు. "గిప్పుడు మత్తడి దుంకితే నీళ్లు గా పద్నాలుగో నంబరు కాడ ఆగుతయి బిడ్డా. ఆగి, ఎడమకు తిరుగుతయి" అన్నడు అంజన్న. ఎడమకు ఉన్నది కాలనీ.

ఆ ఆరు ప్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు. మొరం తీయించి ఒర్రెను వదిలెయ్యి. నేను అడిగేది ఇంతే. దీనికి సంఘం అక్కర్లేదు, పిలగాడు అక్కర్లేదు. రెండు కండ్లుంటే చాలు.

నీ బిడ్డ,
ప్రమోదిని


కరీంనగర్,
16 ఆగస్టు 1982

బాపుకు,

జవాబు వచ్చింది. నువ్వు రాసింది కాదు, దామోదరన్న రాసింది, మూడు ముక్కలు. ఒకటి: నక్షలో ఒర్రె లేదు. రెండు: ఆ నక్ష మంజూరైంది, ఇక మాట్లాడేది లేదు. మూడు: బాపుకు నీ మీద కోపం లేదు, పద్నాలుగో నంబరు ప్లాటు నీ పేర రిజిస్ట్రీ చేయించిండు, నకలు ఇందులో పెట్టిన.

ఆ నకలు హాస్టల్ మెట్ల మీదనే విప్పి చదివిన. ఏడ్చే బిడ్డ చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు పెట్టినవు. అది కూడా ఏ ముక్క? నీళ్లు వచ్చి తలకాయ కొట్టుకునే ముక్క. నీకు తెలిసే ఇచ్చినవా, పక్కన రోడ్డు ఉన్నదని ఇచ్చినవా? తెలిసే ఇచ్చినవని నేను అనుకుంట. ఆ ప్లాటు నా పేర ఉంటే ఇక ఒర్రె మాట ఎత్తనని నీ లెక్క.

సరే. నక్షలో ఒర్రె లేదన్నవు. నక్ష గీసింది ఎవరు బాపూ?

నువ్వు ఆ నక్షను అద్దం కట్టించి కచ్చేరిలో వేలాడదీసినవు. వచ్చినోళ్లందరికీ "మా బిడ్డ గీసింది, గీతల సూడుండ్రి, ఎంట్రుక సన్నం" అని చూపించినవు. చుట్టాల దగ్గర నా గురించి నువ్వు గొప్పగా చెప్పుకున్నది నా బతుకులో అదొక్కటే. బీయే పాసైనప్పుడు కూడా చెప్పలే. అందుకే ఇన్ని రోజులు ఈ మాట నా నోట్ల నుంచి రాలే. ఇప్పుడు రాస్తున్న, దామోదరన్న చదివినా సరే, జేబులో పెట్టుకున్నా సరే.

రెండేండ్ల కింద, నేను అంబదాస్ సార్ నక్షల దుకాణంలో ట్రేసర్‌గా చేరిన మూడో నెల. నువ్వు మొదటిసారి దుకాణానికి వచ్చినవు, తెల్ల ధోవతి, కండువా. నేను పనిచేసే బల్ల కాడికొచ్చి నిలబడి, "గింత సక్కగ గీస్తవా నువ్వు" అన్నవు. అంబదాస్ సార్‌ది ఆదిలాబాద్ దిక్కు, నీకు తెలుసు గదా, ప్రతి మాటకు ముందు "అరే దేవా" అంటడు. ఆయన పాత రెవెన్యూ నక్ష బల్ల మీద పరిచి, ఒర్రె మీద వేలు పెట్టి, "దొరా, గిదాన్ని ఏం జేద్దాం?" అని అడిగిండు.

నువ్వు ఏమన్నవో యాదికుందా? "గది ఎప్పటిదో. నా పొలంల నాకే కనవడుతలేదు" అన్నవు. అని చాయ తాగినవు. ఇంకేం అనలే. కొట్టెయ్యమని అనలే. నువ్వు అనవు. నువ్వు ఎన్నడూ ఏ చెడ్డ పనీ నీ నోటితో చెప్పలేదు బాపూ, అది నీకున్న పెద్ద గుణం.

నువ్వు పోయినంక సార్ నా ముందర నీలం సిరా బుడ్డి పెట్టిండు. పల్చగ కలిపిన నీలం. "ఒర్రెను గీయి తల్లీ. గీయకుంటే తప్పు. గిదాంతోని గీయి" అన్నడు.

ట్రేసర్‌కు మొదటి వారంలోనే నేర్పే పాఠం ఒకటున్నది. పాత నక్ష మీద పరిచి గీసే ట్రేసింగు గుడ్డ మీద నల్ల సిరాతో గీసింది ప్రింటులో వస్తది. పల్చటి నీలంతో గీసింది రాదు. గుడ్డ మీద కండ్లకు కనబడుతది, ప్రింటు తీసే అమ్మోనియా పెట్టెలో నుంచి కాగితం బయటికి వచ్చేసరికి మాయమైతది. ఆఫీసుకు పోయేది ప్రింటు, గుడ్డ కాదు. మంజూరు ముద్ర పడేది ప్రింటు మీద. రేపు ఎవరన్నా అడిగితే గుడ్డ తీసి చూపియ్యొచ్చు: అయ్యా, మేము గీసినం, దాచలే. ఎవరూ అబద్ధం ఆడలే. ఎవరూ చెరపలే. ఒర్రె తనంతట తానే పోయింది.

నాకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసే రూలింగ్ పెన్ను నీలంలో ముంచిన. పైనుంచి కింది దాకా మలుపులు ఒక్కటి తప్పకుండ గీసిన, చాలా అందంగ వచ్చింది. ప్రింటు తీసినంక అమ్మోనియా వాసనకు కండ్లు మండుతుంటే, ఆ తెల్లటి జాగ మీద పద్నాలుగు, పదిహేను, పదహారు అని నంబర్లు వేసింది కూడా నేనే. ఎందుకు చేసిన? "గింత సక్కగ గీస్తవా" అన్నందుకు. అంతకంటే పెద్ద కారణం లేదు. ఉంటే బాగుండు.

అప్పటికి కాలనీ సంగతి నాకు తెల్వదు. ఆ పొలాల్లో ఎవరో అమీన్లు, సార్లు డాబాలు కట్టుకుంటరు, వాళ్ల తంటాలు వాళ్లు పడుతరు అనుకున్న. మగ్గాలు వస్తయని, మనుషులు కాళ్లు నేలలోకి పెట్టుకొని కూసుంటరని అనుకోలే. ఇది తప్పించుకునేటందుకు రాస్తలేను. ఎవరు వచ్చినా నీళ్లకు తేడా తెల్వదు.

గుడ్డ ఇంకా దుకాణంలోనే ఉన్నది, బీరువా కింది అరలో. తెచ్చి నీ ముందు పరుస్త. అందులో ఒర్రె ఉన్నది. మొరం తీయించు బాపూ. చెరువు ముప్పావు నిండిందని అంజన్న కబురు పంపిండు. నేను నిన్ను బతిమిలాడుడు ఇదే ఆఖరు.

ప్రమోదిని


కరీంనగర్,
30 సెప్టెంబరు 1982

బాపుకు,

ఈ ఉత్తరం నేనే వచ్చి నీ చేతికి ఇయ్యొచ్చు. ఇయ్యను. ఎదురుగ నిలబడితే నువ్వు గోడను చూస్తవు, నేను నీ మొఖం చూసి మెత్తబడుత. కాగితం మెత్తబడదు.

ఆదివారం నాటి సంగతి ఊరంతా ఒక తీరు చెప్పుకుంటున్నది. నేను చూసింది నేను రాస్త.

నీ జవాబు రాక నేను శనివారమే ఇంటికొచ్చి ఉన్న. రెండు దినాలు ఎడతెగని వాన పడి, పొద్దున చెరువు నిండింది. మత్తడి దుంకుతుందని డప్పు కొట్టుకుంట వచ్చి చెప్తే ఇంట్లో పండుగ మొదలైంది. పదేండ్లయిందట నిండక. అవ్వ పట్టుచీర కట్టుకున్నది. గంగమ్మకు పసుపు, కుంకుమ, చీర, కొబ్బరికాయ. నా చేతికి తాంబాళం ఇచ్చి, "బాపు పక్కన నిలవడు, ఊరోళ్లు సూడాలె" అన్నది. ఊరోళ్లు ఏం చూడాలె? బిడ్డ దారికొచ్చిందని. నేను నిలబడ్డ. అన్నీ తెలిసిన దాన్ని, లోతులన్నీ రాసుకున్న దాన్ని, తాంబాళం పట్టుకొని నీ పక్కన నిలబడ్డ. నువ్వు నా దిక్కు చూసి నవ్వినవు కూడా.

కట్ట మీద ఊరంతా ఉన్నది. కాలనీ వాళ్లు కూడా వచ్చిండ్రు, పిల్లలను భుజాల మీద ఎక్కించుకొని. మత్తడి మీది నుంచి నీళ్లు తెల్లగ దుంకుతుంటే ఆడోళ్లు పాట అందుకున్నరు. నువ్వు వంగి చీరను నీళ్లల్లోకి వదిలినవు. ఎర్రంచు తెల్లచీర. అది మత్తడి దిగి, ఒర్రెలో పడి, సాపుగ పోయింది. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. నేను చూస్తున్న. పద్నాలుగో నంబరు కాడ చీర ఆగింది. ఒక్కసారి గుండ్రంగ తిరిగింది. తిరిగి, ఎడమకు మలిగింది.

అంజన్న ఒక్కడే డప్పుల దిక్కు చూస్తలేడు. ఆయన కాలనీ దిక్కు చూస్తుండు. ఆయన మొఖం చూసి తాంబాళం వదిలేసిన. అది రాళ్ల మీద పడ్డ చప్పుడుకు నువ్వు, "ఏందా పరేషాని" అని కసిరినవు. నువ్వు నాతో అన్న ఆఖరి మాట అదే అనుకో.

నేను ఉరికిన. నా ఎనక శంకరవ్వ ఉరికింది. మేము పోయేసరికి కాలనీలో నడుముల దాకా నీళ్లు. నువ్వు గజానికి గజం ఇచ్చి కట్టించిన మట్టిగోడలు కింద నాని, పైన నిలబడి ఉన్నయి. నేను చూస్తుండగనే రెండు కూలినయి, చప్పుడు లేకుండ, అలిసిపోయిన మనిషి కూసున్నట్టు. మొత్తం తొమ్మిది ఇండ్లు. ఎనిమిదింటిలో ఎవరూ లేరు, పండుగ చూడబోయిండ్రు కాబట్టి బతికిండ్రు.

పర్శరాములు పోలేదు. మగ్గం మీద కొత్త పడుగు ఉన్నది. గుంటలో నీళ్లు పైకి లేస్తుంటే పడుగు తడవకుండ విప్పుకుందామని ఉన్నడు. ఇసుక, బూడిద పోసి బండ పరుచుకున్న ఆ గుంటలోనే కాళ్లు పెట్టి కూసున్నడు. వెనక గోడ ఆయన మీద పడ్డది. మట్టి తీసినప్పుడు చేతులకు దారం చుట్టుకొని ఉన్నది. శంకరవ్వ ఏడువలే. కూసొని ఒక్కొక్క పోగు విప్పింది, తెంపలే. నేస్తున్నదాన్ని తెంపొద్దని ఆమెకు అలవాటు.

మరునాడు తహసీల్దారు వచ్చిండు. నువ్వు కుర్చీ వేయించినవు, చాయ తెప్పించినవు. "నా బతుకుల ఇంత నీళ్లు సూడలే సారూ. నక్షలనే లేని ఒర్రె ఎక్కడికెళ్లి వచ్చిందో ఏమో, దేవుని పని" అన్నవు. నేను గల్మ కాడ నిలబడి విన్న. కచ్చేరి గోడకు నేను గీసిన నక్ష అద్దంలో మెరుస్తనే ఉన్నది. తర్వాత శంకరవ్వను పిలిపిచ్చినవు. రెండు బస్తాల బియ్యం, దినాల ఖర్చు అన్నవు. "ఫికర్ జెయ్యకు, గదే జాగల ఈపాలి సిమెంటు ఇల్లు కట్టిస్త, అరుగు ఎత్తు పెడుత" అన్నవు.

ఆమె నీ కాళ్ల దిక్కే చూసుకుంట అడిగింది: "సిమెంటుల గుంట ఎట్ల తవ్వాలె దొరా?"

ఊరిని కాగితం మీద గీసేటోళ్లు ఎవ్వరూ ఆ మాట అడిగిన పాపాన పోలే. ఇల్లు అంటే నాలుగు గోడలు, ఒక నంబరు. నేల కింద ఏమున్నదో, పైనుంచి ఏం వస్తదో, లోపల మనిషి ఎట్ల కూసొని పనిచేస్తడో, నంబరు వేసిన నాకు కూడా పట్టలే. మన తాతలు చదువు రానోళ్లే, కానీ గడ్డ మీద ఇండ్లు పెట్టి పల్లం నీళ్లకు వదిలిండ్రు. మనం చదువుకొని, ముద్ర వేయించుకొని, దాన్ని తలకిందులు చేసినం.

నేను చేసినవి చెప్తున్న. సలహా అడుగుతలేను.

సోమవారం సాయంత్రం కరీంనగర్ తిరిగి వచ్చి, మంగళవారం దుకాణం బీరువాలో నుంచి ఆ గుడ్డ తీసిన. అంబదాస్ సార్ చూసి, "అరే దేవా, అన్నం పెట్టిన చేతిని కరుస్తవా?" అన్నడు. కరుస్త అన్న. నీలం గీత మీద నల్ల సిరాతో మళ్లీ గీసిన, మత్తడి కాడి నుంచి వాగు దాకా. కింద నా పేరు, తారీఖు రాసిన. నీలంతో ఎందుకు గీసిననో, ఎవరు నిలబడి ఉండగ గీసిననో, రెండు పేజీలు రాసి సంతకం పెట్టి, గుడ్డతో సహా తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకున్న. అందులో నీ పేరు ఉన్నది, సార్ పేరు ఉన్నది, అన్నింటికంటే పైన నా పేరు ఉన్నది. దుకాణంలో నా పని పోయింది.

నిన్న ఊరికి వచ్చి, గడ్డ మీది నీ మడిగెల్లో మూడో నంబరుది తాళం తీసిన. తాళంచెవి అవ్వ ఇచ్చింది. ఏడ్చుకుంటనే ఇచ్చింది, కానీ ఇచ్చింది. ఆ మడిగె అడుగున గచ్చు ఇంకా పోయలేదు, మట్టే ఉన్నది. శంకరవ్వ, ఆమె తోడికోడలు కలిసి మధ్యాహ్నం దాకా గుంట తవ్విండ్రు. అది వాళ్ల పాత ఇల్లు ఉన్న జాగనే. మోకాళ్ల లోతు పోయినంక శంకరవ్వ లోపలికి దిగి, అరచెయ్యి నేలకు ఆనిచ్చి నా దిక్కు చూసింది. పొడి మట్టి. ఇంత వాన పడ్డంక కూడా. మిగిలిన మడిగెలకు కూడా తాళాలే ఉన్నయి. కూలిన ఇండ్లు ఇంకా ఎనిమిది ఉన్నయి.

పద్నాలుగో నంబరు ప్లాటు నా పేర ఉన్నది, నకలు నా దగ్గర ఉన్నది. వచ్చే సోమవారం పొద్దుగాల మట్టిపని మేస్త్రి మల్లన్న వడ్డెరోళ్లను తీసుకొని వస్తుండు. మొరం తీసి, పాత ఒర్రె అడుగు దొరికేదాక తవ్విస్త. నా ప్లాటు అవతలి గట్టు నుంచి నీ అయిదు ప్లాట్లు మొదలైతయి. నేను నా గట్టు దాకా తవ్వి, తెరిచి పెడుత. ఆడికెళ్లి నీళ్లకు నువ్వు దారి ఇస్తవో, అడ్డం నిలబడుతవో నీ ఇష్టం.

ప్రమోదిని
పద్నాలుగో నంబరు